సర్జన్ ‘బాగుంది’ అన్నారు, కానీ మళ్లీ ముట్టుకోలేదు. ఎక్కడ తప్పు చేశాను?

తుప్పుపట్టనితీగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ప్రాజెక్ట్‌గా ల్యాప్రోస్కోపిక్ గ్రాస్పర్ చేస్తున్నాను. పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా స్క్రీన్ చూస్తూ చేసే ఆపరేషన్లలో కణజాలాన్ని పట్టుకునే పొడవాటి పట్టకారు అది. గొట్టం 5 మి.మీ. లావు, చివర రెండు చిన్న దవడలు, ఇవతల పిడి.

మొదలైన విధం చెబుతాను, లేకపోతే నా గోల అర్థం కాదు. మా గైడ్ పుణ్యమా అని మూడు గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు థియేటర్ మూలన నిలబడి చూశాను. లోపలికి అడుగు పెట్టగానే సిస్టర్ చెప్పిన మొదటి మాట, “నీలం గుడ్డ కప్పిన దేని దగ్గరికీ రాకు, చేతులు కట్టుకుని నిలబడు.” రెండో ఆపరేషన్‌లో ఒకటి కంటపడింది. సాయం చేస్తున్న జూనియర్ డాక్టర్ గ్లవ్ సైజు 6, అంటే చిన్న చెయ్యి. బొటనవేలు రింగులో పెడితే ఆవిడ చూపుడువేలు ముందున్న తిప్పుడు చక్రం (గొట్టాన్నీ దవడల్నీ తిప్పేది) దాకా అందడం లేదు. రాచెట్ (దవడల పట్టు సడలకుండా ఆపి ఉంచే పళ్ల పట్టీ) విడిపించాలంటే రింగులోంచి వేలు తీసి, అరచేత్తో పిడిని నెట్టి, మళ్లీ వేలు దూరుస్తున్నారు. మధ్యమధ్యలో చెయ్యి విదిలించుకుంటున్నారు. నా చెయ్యీ అంతే ఉంటుంది. ఇంకేం, ప్రాజెక్ట్ దొరికింది అనుకున్నాను.

మట్టితో రెండు, ఫోమ్‌తో మూడు, 3డీ ప్రింట్‌లో ఆరు, మొత్తం 11 పిడులు చేశాను. బొటనవేలి రింగు నుంచి ముందు వేళ్లకి ఉన్న దూరం 80 మి.మీ. నుంచి 68కి తగ్గించాను. రాచెట్ మీటను చూపుడువేలి కిందకి తెచ్చాను. అక్కడ చోటు చాలక తిప్పుడు చక్రాన్ని 12 మి.మీ. ముందుకి జరిపాను.

ఇక్కడి దాకా బాగానే ఉంది. “ఒక్క పిడి చేస్తే ప్రాజెక్ట్ అవుతుందా, దవడలు కూడా నువ్వే చెయ్యి” అన్నారు గైడ్. రెజిన్ ప్రింట్‌లో చేశాను. మొదటిసారి దవడతో పాటే, దవడలు తిరిగే ఇరుసు లాంటి పిన్ను కూడా ప్రింట్ చేస్తే, నొక్కిన రెండోసారికే టప్పున తెగింది. తర్వాత కుట్టుసూది ముక్క పిన్నుగా పెట్టాను. ఈసారి పిన్ను బాగానే ఉంది, అది తిరిగే రంధ్రమే సాగిపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. దవడలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

అసలు బాధ ఇది కాదు. దవడల సంగతి పక్కన పెట్టి, పాత గ్రాస్పర్ గొట్టానికి నా పిడి తగిలించి, ట్రైనింగ్ బాక్స్ (సర్జన్లు అభ్యాసం చేసే డబ్బా) మీద ఒక సీనియర్ సర్జన్‌కి ఇచ్చాను. ఆరు రబ్బరు ముక్కల్ని ఒక నిలువు పుల్ల మీంచి ఇంకో పుల్ల మీదకి మార్చే అభ్యాసం. రెండు ముక్కలు మార్చి, “బాగుందమ్మా, మంచి ఆలోచన” అని పక్కన పెట్టేశారు. మిగతా నాలుగూ పాత పిడితోనే మార్చారు. ఎందుకని అడిగితే, “ఏం లేదు, అలవాటు అంతే” అన్నారు. మూడు నెలలు దీని మీదే కూర్చున్నాను. ఎక్కడ తప్పు చేశానో ఎవరైనా చెప్పండి. మొహమాటం వద్దు, తిట్టినా పర్లేదు.

దవడపిన్ను

తీగ గారూ, పదేళ్లుగా ఇలాంటివే గీస్తున్నాను. ముందు మీ పిన్ను సంగతి తేల్చేద్దాం, అది లెక్కతో పోయేదే.

దవడ కొస, పిన్ను నుంచి 15 మి.మీ. దూరంలో ఉందనుకోండి. పిడి నొక్కితే గొట్టం లోపలి కడ్డీ దవడల్ని లాగుతుంది కదా, అది లాగే చోటు పిన్ను నుంచి 1.5 మి.మీ. అంతే, 5 మి.మీ. గొట్టంలో అంతకంటే చోటుండదు. అంటే కొసన ఒక్క న్యూటన్ కావాలంటే లోపల పది న్యూటన్లు లాగాలి. కొసన 5 న్యూటన్ల పట్టు అడిగారనుకోండి, ఒక్కో దవడకి 50, రెండిటికీ కలిపి కడ్డీ మీద 100 న్యూటన్లు. 1 మి.మీ. పిన్నుని రెండు చోట్ల కోసే బలం అది. రెండు కోతల వైశాల్యం 1.57 చదరపు మి.మీ. భాగిస్తే సుమారు 64 మెగాపాస్కల్స్, అంటే చదరపు మి.మీ.కి 64 న్యూటన్లు. మామూలు రెజిన్‌కి లాగుడు బలమే దాదాపు అంత ఉంటుంది, కోతకి ఆగేది ఇంకా తక్కువ. తెగకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. స్టీలు సూదికి అదో లెక్క కాదు, అందుకే నిలబడింది. కానీ అదే 50 న్యూటన్లు, మీ దవడ మందం 1.2 మి.మీ. అనుకుంటే, రంధ్రం గోడ మీద 40 మెగాపాస్కల్స్ పైనే పడతాయి. గోడ ప్లాస్టిక్ కదా, సాగింది. పిన్ను మారిస్తే బలహీనత పక్కింటికి మారింది, అంతే.

అందుకని చిన్న దవడల్ని అసలు సైజులో ప్లాస్టిక్‌లో చేసి బలం పరీక్షించకండి. నాలుగింతలు పెద్దవిగా ప్రింట్ చేయండి. ఏది ఎటు తిరుగుతోందో, ఎక్కడ రాసుకుంటోందో చేతిలో పట్టుకుని చూడొచ్చు. బలానికి కాగితం మీద లెక్క, ఆ తర్వాత నేరుగా స్టీలు. దవడలకి 17-4 పీహెచ్ లాంటి గట్టిపడే రకం స్టెయిన్‌లెస్ స్టీలు, వైర్ కటింగ్ మెషిన్ మీద. మధ్యలో ఇంకో దారి లేదు. నేను వెతికి వెతికి అలసిపోయాను.

ఇంకో మాట, మీ గైడ్‌కి నచ్చకపోవచ్చు. దవడలు మానేయండి. మళ్లీ మళ్లీ వాడే గ్రాస్పర్లు చాలావరకు మూడు ముక్కలుగా విడిపోతాయి. పిడి, బయటి గొట్టం, లోపలి కడ్డీతో కలిసిన దవడలు. పాడైపోయి పక్కన పడేసినదాని గొట్టమూ దవడలూ అడిగి తెచ్చుకోండి. కడ్డీ ఎంత దూరం కదిలితే దవడ పూర్తిగా తెరుచుకుంటుందో వెర్నియర్ కొలబద్దతో కొలవండి. మీ పిడి ఇవ్వాల్సిన కదలిక అదే. వేళ్లు పిడి కీలుకి 75 మి.మీ. దూరంలో, కడ్డీ తగిలే చోటు 15 మి.మీ. దూరంలో ఉంటే బలం ఐదింతలవుతుంది, పైన చెప్పిన 100కి వేళ్లతో 20 న్యూటన్లు నొక్కాలి. మీరు పిడిని కుదించినప్పుడు ఈ 75 ఎంత అయింది? 60కి దిగి ఉంటే అదే పట్టుకి 25 నొక్కాలి. చిన్న చేతి కోసం చేసిన పిడి చిన్న చేతితో ఎక్కువ నొక్కిస్తోంది! కొలిచారా?

మరిచిపోయే రెండు విషయాలు. ఒకటి, బల్ల మీద కొలవకండి. పొట్ట గోడకి గుచ్చే గొట్టం లోపల, గ్యాస్ బయటికి పోకుండా రబ్బరు సీలు ఉంటుంది. దాని రాపిడితో కలిపి కొలవండి. రెండు, ఈ పిడుల మీద కరెంటు పెట్టే మొన ఉంటుంది, కణజాలాన్ని కాల్చి రక్తం ఆపడానికి. అందులో పారేది వందల నుంచి వేల వోల్టుల దాకా. మీ పిడిలో బయటికి కనిపించే మరమేకు ఏదైనా లోపలి కడ్డీకి తగులుతోందా? గ్లవ్‌కి సూదిమొనంత చిల్లు చాలు, సర్జన్ వేలు కాలుతుంది.

సెన్సర్‌బాబు

ఇంత కష్టం ఎందుకండీ. పిడిలో ఒక ఫోర్స్ సెన్సరూ, చిన్న మోటారూ, వాటిని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డూ పెట్టేయండి. బటన్ నొక్కితే దవడ మూసుకుంటుంది. చేయి సైజు సమస్యే ఉండదు, మార్కులూ ఎక్కువ పడతాయి.

దవడపిన్ను

సెన్సర్‌బాబూ, కోప్పడకు. మోటారు దవడ మూసి ఉండగా చార్జింగ్ అయిపోయిందనుకో. దవడల మధ్య పేగు ఉంది. ఇప్పుడు తెరిచేదెవరు? మోటారు పెట్టేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు ముందు గీసేది చేత్తో విడిపించే దారి.

ట్రే_లెక్క

తల్లీ, నేను ఇంజనీరుని కాదు. 18 ఏళ్లు స్క్రబ్ నర్సుగా, అంటే ఆపరేషన్‌లో పరికరాలు అందించే నర్సుగా చేసి, ఇప్పుడు పరికరాలు కడిగి స్టెరిలైజ్ చేసే విభాగం చూసుకుంటున్నాను. నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. చేతి గురించి రాశావు, బలం గురించి రాశావు. కడగడం గురించి ఒక్క ముక్క లేదు.

ఆపరేషన్‌లో నీ పరికరం వాడేది గంటో రెండు గంటలో. మిగతా బతుకంతా మా దగ్గరే. వచ్చేటప్పటికి సందుల్లో రక్తం ఎండిపోయి ఉంటుంది. వేడినీళ్లు పోస్తే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి ముందు చల్లనీళ్లు, తర్వాత ఎంజైమ్ కలిపిన నీళ్లు, తర్వాత బ్రష్. నీ పిడి ఫోటో చూపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఈ రాచెట్ పళ్ల వెనక్కి నా బ్రష్ ఎలా వెళ్తుంది? ప్రింట్ చేసినదాని మీద వేలితో గీస్తే గరగరమంటుంది చూడు, ఆ గీతల్లో ప్రతిదీ మాకు ఒక కాలవే. శుభ్రం కానిదాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టి ఏం లాభం? మురికిని ఉడకబెట్టినట్టు.

ఆటోక్లేవ్ అంటే గుర్తొచ్చింది. మా దగ్గర 134 డిగ్రీల ఆవిరి. నీ ప్రింటు పీఎల్‌ఏ (3డీ ప్రింట్లకి మామూలుగా వాడే ప్లాస్టిక్) అయితే 60 దగ్గరే మెత్తబడుతుందని మా అబ్బాయి చెప్పాడు, వాడికి ఆ పిచ్చి ఉంది. నమూనా కరిగినా ఫర్వాలేదు గానీ, ఆవిరికి ఆగే ప్లాస్టిక్‌తోనో స్టీలుతోనో తయారు చేయగలిగే ఆకారమేనా అని ఇప్పుడే ఆలోచించుకో. ఇంకోటి, కీళ్లన్నీ తెరిచి పెట్టి స్టెరిలైజ్ చేస్తాం, ఆవిరి లోపలికి పోవాలి కదా. వదిలేస్తే తనంతట తను మూసుకునే స్ప్రింగ్ పెట్టావా? పెడితే మేము దాన్ని తెరిచి ఉంచడానికి ఏదో ఒకటి ఇరికించాల్సి వస్తుంది. మాకు అంత తీరిక లేదు.

ఒక పరీక్ష చెబుతాను, పుస్తకంలో ఉండదు. ఎర్ర పోస్టర్ రంగు చిక్కగా కలిపి పిడి మీద అన్ని సందుల్లోకీ పోనివ్వు. గంటసేపు ఎండనివ్వు. మామూలు బ్రష్‌తో, ఏదీ విప్పకుండా, ఐదు నిమిషాలు కడుగు. తర్వాత రంపంతో పిడిని నిలువునా కోసి చూడు. ఎర్రగా కనిపించిన ప్రతి చోటూ నువ్వు మళ్లీ గీయాల్సిన చోటే.

చిన్న ముక్కల గురించి కూడా చెప్పాలి. కుట్లు వేసేముందు ట్రేలో ప్రతిదీ లెక్కపెడతాం. ఒకసారి ఒక పరికరానికి వేరుశనగ గింజంత స్ప్రింగ్ కనిపించకుండా పోయింది. రోగి మత్తులోనే ఉన్నారు, అందరం నేల మీద మోకాళ్ల మీద వెతుకుతున్నాం, పోర్టబుల్ ఎక్స్-రే తెప్పించారు. చివరికి చూషణ పైపు కింద గుడ్డ మడతలో దొరికింది. ఆ 40 నిమిషాలు నేను ఇప్పటికీ మర్చిపోను. నీ పిడిలో స్ప్రింగ్ దేని ఆధారంతో ఉంది? నొక్కి బిగించిన మూతా? మూత ఊడితే ఆ రెండూ ఎక్కడ పడతాయి?

ఇక మీ సర్జన్ ఎందుకు పక్కన పెట్టారో చెప్పనా. నేను పరికరం అందించేటప్పుడు ఆయన అరచెయ్యి చాస్తారు, నా వైపు చూడరు. కళ్లు స్క్రీన్ మీదే. రింగులు అరచేతిలో పడేలా నేను పెడతాను, వేళ్లు వాటంతటవే దూరతాయి. నీ పిడి అందుకోగానే ఆయన కిందకి చూసి ఉంటారు. గుర్తు తెచ్చుకో.

తుప్పుపట్టనితీగ

ట్రే_లెక్క అమ్మా, ఒళ్లు జలదరించింది. నిజంగానే చూశారు! నేను మా ఫ్రెండ్‌తో తీయించిన వీడియో ఉంది, ఇప్పుడే మళ్లీ పెట్టి చూశాను. పిడి అందుకున్నప్పుడు ఒకసారి, రాచెట్ విడిపించేటప్పుడు రెండుసార్లు తల కిందకి వంచారు. పాత పిడితో చేసిన నాలుగు ముక్కల్లో ఒక్కసారి కూడా వంచలేదు. ఇంకా ఉంది. ఆయన చూపుడువేలు మూడుసార్లు ముందుకి వెళ్లి, పాత పిడిలో చక్రం ఉండే చోట గాల్లో తడుముకుంది. అక్కడ నేను పెట్టింది రాచెట్ మీట. ఒకసారి అయితే చక్రం తిప్పబోయి మీట నొక్కేశారు, ముక్క కింద పడింది. అప్పుడు నేను ‘ఆయన చేయి జారింది’ అనుకున్నాను. సిగ్గేస్తోంది.

దవడపిన్ను గారూ, కొలిచాను. 75 ఉండాల్సింది 58 అయింది. ఇక చెప్పేదేముంది.

కెమెరాపట్టినచేయి

జనరల్ సర్జన్‌ని. ఆలస్యంగా చూశాను. సిస్టర్ చెప్పిన దానికి నేను కలిపేది కొంచెమే.

‘బాగుంది’ అనేది మా మర్యాద. స్టూడెంట్ కళ్లలోకి చూస్తూ ‘బాగాలేదు’ అనడం కష్టం, పైగా ఎందుకు బాగాలేదో మాకే మాటల్లో తెలియదు, చేతికి తెలుస్తుంది. కాబట్టి అభిప్రాయం అడగకండి. పని ఇచ్చి చేతిని వీడియో తీయండి, మొహాన్ని కాదు. పాత పిడిని గదిలోంచి తీసేసి, మీ పిడితో ఆరు ముక్కలూ పూర్తి చేయించండి. గ్లవ్స్ వేయించండి, వాటి మీద నీళ్లూ సబ్బూ పూయండి. పొడి చేత్తో ఏ పిడైనా బాగానే ఉంటుంది. పరీక్షకి నాలాంటి ముదురు చేతులు వద్దు. మాకు పాత అలవాటు ఎముకల్లో ఉంది. మీరు చూసిన ఆ సైజు 6 డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లారా? ఎవరి కోసం చేశారో ఆవిడకి తప్ప అందరికీ చూపించారేమో అని అనుమానం.

స్టూడెంట్‌వి కాబట్టి ఒక కథ. థామస్ ఫోగర్టీ మెడికల్ స్టూడెంట్‌గా ఉండగానే రక్తనాళంలో గడ్డని లాగే బెలూన్ క్యాథెటర్ (కొసన బెలూన్ ఉండే సన్న గొట్టం) తయారు చేశాడు. అంతకుముందు ఆసుపత్రిలో స్క్రబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తూ, గడ్డలు తీయడానికి పెద్ద పెద్ద కోతలు కోయడం కళ్లారా చూశాడు. క్యాథెటర్ కొసకి సర్జికల్ గ్లవ్ వేలి కొస తగిలించాలి, జిగురు పట్టలేదు. గాలానికి ఈకలూ దారాలూ కట్టే ముడులు చిన్నప్పటి నుంచి అతని చేతికి వచ్చు, వాటితో కట్టేశాడు. 1961లో మొదటిసారి రోగి మీద వాడారు, 1963లో ప్రచురించారు. నాకు ఇందులో నచ్చేది ముడి కాదు. అతను ట్రే పక్కన నిలబడ్డ మనిషి.

అయితే అది అప్పటి కాలం. ఇప్పుడు ఎవరైనా సర్జన్ ఉత్సాహంగా “ఒక్కసారి నిజం కేసులో పెట్టి చూద్దాం” అంటే చేతులు జోడించి వద్దనండి. వాడే పదార్థం శరీరానికి హాని చేయదని చూపే పరీక్షలు, ఐఎస్‌ఓ 14971 పద్ధతిలో ప్రమాదాల అంచనా, ఎథిక్స్ కమిటీ, ఇవన్నీ దాటాకే మనిషి దగ్గరికి. ట్రైనింగ్ బాక్స్ దగ్గర ఆగిపోవడం ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి అవమానమేమీ కాదు.

తుప్పుపట్టనితీగ

మూడు వారాల తర్వాత అప్‌డేట్. ఎవరైనా ఇంకా చదువుతుంటే.

దవడలు మానేశాను. గైడ్ ముందు మొహం చిట్లించారు, దవడపిన్ను గారి 64 మెగాపాస్కల్స్ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే “సరే, ఇది కూడా రిపోర్టులో పెట్టు” అన్నారు.

రంగు పరీక్ష చేశాను. అమ్మా, పరువు పోయింది. పైకి తళతళలాడుతోంది. కోశాక చూస్తే రాచెట్ పళ్ల వెనకాల, స్ప్రింగ్ గుంతలో, రెండు ముక్కలు అతికిన చోట పొడవునా ఎర్ర గీత. నా గోళ్ల కింద ఇంకా ఉంది. ఇప్పుడు స్ప్రింగే తీసేశాను. రాచెట్ పట్టీనే సన్నగా చేసి, అదే వంగి మళ్లీ వెనక్కి వచ్చేలా గీశాను. విడి ముక్కలు ఏడు ఉండేవి, మూడయ్యాయి. పళ్ల వెనక బ్రష్ దూరేలా పక్క గోడ తెరిచేశాను. తెరిచాక పిడి మెలికపడుతోంది, కింద ఒక పక్కటెముక లాంటిది ఇచ్చాను.

తిప్పుడు చక్రాన్ని దాని పాత చోటుకే తెచ్చాను. వేలు అందకపోవడం చక్రం తప్పు కాదని ఇప్పుడు అర్థమైంది. బొటనవేలు రింగులో మరీ లోతుగా దూరిపోవడం వల్ల అరచెయ్యి మొత్తం వెనక్కి జరుగుతోంది. రింగు పెద్ద చేతికి చేసింది కదా, సన్న వేలు రెండో కణుపు దాకా జారిపోతోంది. రింగు లోపల ఒక అంచు ఇచ్చి మొదటి కణుపు దగ్గరే ఆపాను. అంతే, చెయ్యి ముందుకి వచ్చింది, చక్రం అందింది. పిడిని కుదించే పనే లేదు, 75 అలాగే ఉంచేశాను. మూడు నెలలు కుదిస్తూ కూర్చున్నాను!

ఆ జూనియర్ డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. సబ్బునీళ్ల గ్లవ్స్‌తో ఆరు ముక్కలూ రెండుసార్లు చేశారు. తల ఒక్కసారి వంచారు, అదీ రాచెట్ కోసం. మీట మొన గుండ్రంగా ఉండటం వల్ల తడి గ్లవ్‌కి తగలడం లేదన్నారు. నేను ఏమీ అడగలేదు, ఆవిడే పిడిని తిప్పి చూస్తూ, “ఈ అంచు ఎడమచేతికి గుచ్చుకుంటోంది, నేను ఎడమచేత్తోనే పట్టుకుంటాను కదా” అన్నారు. పన్నెండు పిడులూ నా కుడిచేతి కొలతతోనే చేశానని అప్పుడు గుర్తొచ్చింది.

పదమూడోది ప్రింట్ అవుతోంది. ఇంకో నాలుగు గంటలు పడుతుంది. దవడపిన్ను గారూ, స్టీలు కడ్డీ కొసన ఉండే బంతి 3 మి.మీ., ప్రింటు గుంతకి ఎంత వదులు ఇవ్వాలి? 0.2 ఇస్తే బిగుసుకుంది, 0.4 ఇస్తే లొడలొడలాడుతోంది.

దవడపిన్ను

0.2 తోనే ప్రింట్ చేసి, 3.1 డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి సరిచేయండి. మెషిన్‌కి పెట్టకండి, కరుగుతుంది.